వందకు వయసు కలిపితే బీపీ? జీవితకాలపు రక్తపోటు గీత వెనుక లెక్కలు

క్లుప్తంగా

వయసు పెరిగేకొద్దీ రక్తపోటు సగటు పెరుగుతుందన్నది నిజం. అయితే అది తిన్నని గీతలా పెరగదు, అందరికీ ఒకేలా పెరగదు, పెరిగి తీరాలన్న నియమమూ లేదు. యాభై దాటాక పై అంకె (గుండె కొట్టినప్పటి ఒత్తిడి) ఒక దారి, కింది అంకె (రెండు కొట్టుళ్ల మధ్య ఒత్తిడి) ఇంకో దారి పడతాయి. ఒక శిబిరంలో ఒక్కరోజు కొలిచిన అంకెలతో గీసిన గ్రాఫ్‌ను ఒక మనిషి జీవితంగా చదివితే తప్పులు దొర్లుతాయి. ఆ తప్పులు ఎక్కడ పుడతాయి, గణాంక మోడళ్లు వాటిని ఎంతవరకు సరిదిద్దుతాయి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల అంకెలు చదివేటప్పుడు అదనంగా ఏం చూసుకోవాలి అన్నదే ఇక్కడి విషయం.

నోటి లెక్క కూడా ఒక మోడలే

ఆశా కార్యకర్త బీపీ మిషన్ పట్టుకుని అరుగు మీద కూర్చుంటే, అంకె కనపడగానే పక్కనున్న పెద్దవాళ్లలో ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తారు: "డెబ్బై ఏళ్ల మనిషికి నూట అరవై అంటే ఎక్కువేం కాదు. వందకు వయసు కలుపుకో, లోపే ఉంది కదా." ఈ లెక్క ఉత్తరాంధ్ర పల్లెల్లో పుట్టింది కాదు. ఒకప్పుడు చాలా దేశాల్లో డాక్టర్లే ఇలా చెప్పేవారు. పుస్తకాల్లోంచి పోయింది గానీ నోళ్లలోంచి పోలేదు.

దీన్ని మూఢనమ్మకంగా కొట్టిపారేయనక్కర్లేదు. గణాంకశాస్త్రం దృష్టిలో ఇది అచ్చమైన మోడల్. మొదలు 100, ఆపైన ఏడాదికి ఒకటి చొప్పున పెరుగుదల. కాగితం, కలం లేకుండా వేసుకోగలిగే తిన్నని గీత. మోడల్ అన్నాక దాన్ని పరీక్షించే పద్ధతి ఒకటుంటుంది: అది చెప్పిన అంకెలను కొలిచిన అంకెల పక్కన పెట్టి చూడాలి.

అలా పెడితే రెండు కొసల్లోనూ విరిగిపోతుంది. అప్పుడే పుట్టిన బిడ్డకు పై అంకె 100 ఉండదు, 70 దరిదాపుల్లో ఉంటుంది. డెబ్బై ఏళ్లకు 170 అంటుంది ఈ లెక్క. నేటి పెద్ద సర్వేల్లో ఆ వయసువారి సగటు అంతకు చాలా దిగువనే ఉంటోంది. ఇరవై ఏళ్లకు 120 అనడం మాత్రం కాస్త సరిపోతుంది. అక్కడ సరిపోయింది కాబట్టే మిగతా చోట్ల కూడా జనం నమ్మారేమో.

అసలు చిక్కు అంకెల్లో కంటే వాటిని వాడే తీరులో ఉంది. "ఈ వయసులో సగటున ఇంత ఉంది" అన్న మాట, "ఈ వయసులో ఇంత ఉండొచ్చు" అన్న మాటగా మారిపోయింది. ఊళ్లో డెబ్బై దాటినవాళ్లలో ఎక్కువమందికి పళ్లు ఊడిపోయి ఉంటాయి. అంతమాత్రాన బోసినోరు ఆరోగ్యం అనిపించుకోదు.

వైద్యులు కూడా ఈ తికమక దాటడానికి చాలాకాలం పట్టింది. 1950, 60 దశకాల్లో బ్రిటన్‌లో రాబర్ట్ ప్లాట్, జార్జ్ పికరింగ్ అనే ఇద్దరు వైద్యుల మధ్య దీని మీదే పెద్ద వాదం నడిచింది. అధిక రక్తపోటు ఒక ప్రత్యేక జబ్బు, అది ఉన్నవాళ్లు, లేనివాళ్లు రెండు గుంపులుగా విడిపోతారని ప్లాట్ అన్నారు. గుంపులేమీ లేవు, ఎత్తూ బరువూ లాగే బీపీ కూడా తక్కువ నుంచి ఎక్కువ దాకా తెగకుండా పరుచుకుని ఉంటుంది, గీత ఎక్కడ గీయాలన్నది మన నిర్ణయమే అని పికరింగ్ అన్నారు. జనం అంకెలను గ్రాఫ్ మీద పెట్టినకొద్దీ పికరింగ్ మాటే నిలబడింది. 61 అధ్యయనాల్లోని పది లక్షల మంది సమాచారాన్ని కలిపి 2002లో వెలువడిన విశ్లేషణ ఇంకో అడుగు ముందుకు వేసింది. 40 నుంచి 69 ఏళ్లవారిలో 115 నుంచి మొదలుపెట్టి పై అంకె 20 పెరిగినప్పుడల్లా పక్షవాతంతో చనిపోయే ముప్పు రెట్టింపుకు పైగా, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు రెట్టింపు అవుతోందని తేల్చింది. "ఇక్కడిదాకా ఫర్వాలేదు" అనదగ్గ మెట్టు ఏదీ ఆ గీతలో లేదు. మందుల చీటీ రాయడానికి ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు కాబట్టి 140 మీద 90 అనే హద్దు వచ్చింది.

మరి ముసలివాళ్ల సంగతి? ఎనభై దాటినవారిలో బీపీ తగ్గిస్తే మేలా కీడా అన్నది చాలాకాలం తేలలేదు. 3,845 మంది మీద జరిగి 2008లో ఫలితాలిచ్చిన హైవెట్ ప్రయోగంలో, 150 మీద 80కి తెచ్చే లక్ష్యంతో మందులిచ్చినవారిలో మరణాలు దాదాపు ఐదో వంతు తగ్గాయి. వందకు వయసు కలిపే లెక్క ప్రకారమైతే వాళ్లకు 180 దాకా మందే అక్కర్లేదు.

గొట్టం గట్టిపడితే

బీపీ గీత తిన్నగా ఎందుకు ఉండదో అర్థం కావాలంటే రక్తనాళం పని చూడాలి. గుండె రక్తాన్ని ధారగా పంపదు, విడతలు విడతలుగా కొడుతుంది. కొట్టినప్పుడు మహాధమని సాగి ఆ వేగాన్ని కొంత తనలో దాచుకుంటుంది. రెండు కొట్టుళ్ల మధ్య మళ్లీ ముడుచుకుని, దాచుకున్నది నెమ్మదిగా ముందుకు నెడుతుంది. అందుకే పై అంకె మరీ ఎగరదు, కింది అంకె మరీ పడిపోదు.

వయసు మీదపడితే ఆ గోడలోని సాగే పోగులు తెగుతాయి, వాటి చోట గట్టి పోగులు చేరతాయి. తోటలో నీళ్లు పెట్టే కొత్త రబ్బరు పైపుకీ, ఎండకు ఎండి బిగిసిపోయిన పాత పైపుకీ ఉన్న తేడా అది. బిగిసిన గొట్టం సాగదు కాబట్టి గుండె కొట్టినప్పుడు ఒత్తిడి ఎగురుతుంది. దాచుకున్నదేమీ లేదు కాబట్టి మధ్యలో పడిపోతుంది.

గ్రాఫ్ మీద ఇది స్పష్టంగా కనపడుతుంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 1948 నుంచి 5,209 మందిని వెంబడించిన అధ్యయనంలో పై అంకె ముప్పై ఏళ్ల నుంచి ఎనభైల దాకా ఎక్కుతూనే పోయింది. కింది అంకె యాభై, అరవై ఏళ్ల మధ్య దాకా ఎక్కి, అక్కడి నుంచి దిగడం మొదలుపెట్టింది. రెండు అంకెల మధ్య దూరం ముసలితనంలో వేగంగా పెరిగింది.

"కింది బీపీ నార్మల్‌కి వచ్చేసింది, ఇంక మాత్రలెందుకు" అనే మాట అరవై దాటినవాళ్ల ఇళ్లలో వినపడుతుంటుంది. పదేళ్ల కిందట 150 మీద 95 ఉన్న మనిషికి ఇప్పుడు 165 మీద 80 ఉంటే, కింది అంకె తగ్గడం బాగుపడినందుకు కాదు, గొట్టం ఇంకా బిగిసినందుకు. రెండు అంకెలకూ వేర్వేరు మోడళ్లు కట్టి వాటిని పక్కపక్కన చదవకపోతే ఈ సంగతి బయటపడదు.

ఒక ఫొటో, ఒక సినిమా

ఇచ్ఛాపురం దగ్గరో చీపురుపల్లి దగ్గరో ఒక ఊళ్లో ఒక్కరోజు శిబిరం పెట్టి, వచ్చిన ప్రతి ఒక్కరి వయసు, బీపీ రాసుకున్నారనుకుందాం. అడ్డంగా వయసు, నిలువుగా బీపీ పెట్టి చుక్కలు పెడితే ఎడమ నుంచి కుడికి ఎక్కే గీత ఒకటి వస్తుంది. చూసిన కన్ను వెంటనే దాన్ని ఒక మనిషి జీవితంగా చదువుతుంది: ముప్పైలో ఇలా, యాభైలో ఇలా, డెబ్బైలో ఇలా. కానీ ఆ ముప్పై ఏళ్ల మనిషి, డెబ్బై ఏళ్ల మనిషి వేర్వేరు. అది ఒకరోజు తీసిన ఫొటో. మనకు కావాల్సింది నలభై ఏళ్లు నడిచిన సినిమా.

ఫొటోలో ఎవరు పడ్డారన్నది మొదటి చిక్కు. పనిదినం పొద్దున పదకొండుకు శిబిరం పెడితే వచ్చేది ఆడవాళ్లు, పెద్దవాళ్లు. పాతికకూ నలభై ఐదుకూ మధ్య మగవాళ్లలో చాలామంది విశాఖలోనో హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనిలో ఉంటారు. తీరప్రాంతపు మత్స్యకారులైతే గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయి నెలల తరబడి పడవల మీదే ఉంటారు. 2011 జనాభా లెక్కల్లో ప్రతి వెయ్యి మంది మగవాళ్లకు శ్రీకాకుళం జిల్లాలో 1,015 మంది, విజయనగరం జిల్లాలో 1,019 మంది ఆడవాళ్లు ఉండటానికి వలస కూడా ఒక కారణం. కాబట్టి శిబిరం గ్రాఫ్‌లో నడివయసు భాగం ఎక్కువగా ఆడవాళ్ల గీత. బీపీ ఎవరికీ చెప్పకుండా ఎక్కే వయసు మగవాళ్లు ఆ ఫొటోలో లేరు.

రెండో కొసలో ఉన్నది బతికి ఉన్నవాళ్లు. బీపీ బాగా ఎక్కువున్నవాళ్లలో కొందరు యాభై ఐదుకో అరవైకో పక్షవాతంతో పోయారు. ఎనభై ఏళ్ల వరసలో నిలబడినవాళ్లు మొదటి నుంచీ కాస్త గట్టివాళ్లు. అందువల్ల ఫొటో గీత కుడికొసన కొంత చదునుగా కనపడుతుంది. "ఎనభై దాటాక బీపీ దానంతటదే సర్దుకుంటుంది" అనే నమ్మకానికి ఇది ఒక మూలం.

ఇంకో మూలం కూడా ఉంది, దీన్ని ఫొటోతో పట్టుకోలేం. బ్రిటన్‌లో అరవై దాటాక చనిపోయిన 46,634 మంది పాత వైద్య రికార్డులను వెనక్కి తిరగేసిన పరిశోధన 2018లో వచ్చింది. మరణానికి 14 నుంచి 18 ఏళ్ల ముందు వారి బీపీ శిఖరానికి చేరి, అక్కడి నుంచి దిగుతూ వచ్చింది. అంటే పెద్ద వయసులో బీపీ తగ్గడం కొన్నిసార్లు శరీరం నీరసిస్తున్నదానికి గుర్తు. వయసును పుట్టినరోజు నుంచి లెక్కపెడితే ఒక బొమ్మ, చనిపోయిన రోజు నుంచి వెనక్కి లెక్కపెడితే మరో బొమ్మ. గడియారం ఎక్కడ మొదలుపెట్టాలన్నది కూడా మోడల్ కట్టేవాళ్లు తేల్చుకోవాల్సిన విషయమే.

మూడో చిక్కు తరాలది. ఇవాళ డెబ్బై ఏళ్లున్నవాళ్లు 1950లలో పుట్టారు. అంబలి, గంజి, తరవాణి తాగి, మైళ్లు నడిచి పెరిగిన తరం. ఇవాళ ముప్పై ఏళ్లున్నవాళ్లు 1990లలో పుట్టి, బండి మీద తిరుగుతూ ప్యాకెట్ తిండి రుచి మరిగినవాళ్లు. వీళ్లు డెబ్బైకి చేరేసరికి వాళ్లలాగే ఉంటారని ఏముంది? వయసు ప్రభావం, పుట్టిన తరం ప్రభావం, కొలిచిన కాలం ప్రభావం మూడూ ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. కాలం ప్రభావం అంటే 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను లాంటిది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో అది ఏ వయసువాళ్లనూ విడిచిపెట్టలేదు. కొలిచిన సంవత్సరంలోంచి పుట్టిన సంవత్సరం తీసేస్తే వయసు వస్తుంది కాబట్టి, ఈ మూడింటిలో ఏ రెండు తెలిసినా మూడోది తెలిసిపోతుంది. అందుకే వీటి తిన్నని ప్రభావాలను విడదీయడం ఏ మోడల్ వల్లా కాదు. ఇది కంప్యూటర్ బలం పెంచితే తీరే సమస్య కాదు, లెక్కలోనే ఉన్న ముడి. బయటి నుంచి ఏదో ఒక ఊహ తెచ్చి పెడితే తప్ప విడదు.

24 శాతమా, 35 శాతమా

వార్తల్లో తరచూ కనపడే తికమక ఒకటి ఇక్కడే తేలిపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో మగవారిలో 24 శాతం, ఆడవారిలో 21 శాతం మందికి బీపీ ఎక్కువ. భారత వైద్య పరిశోధన మండలి ఇండియాబ్ అధ్యయనం 2023లో చెప్పింది 35.5 శాతం. హద్దు రెండింటిలోనూ 140 మీద 90 లేదా మందు వాడకమే. ఒక ముఖ్యమైన తేడా వయసులో ఉంది. మొదటిది 15 ఏళ్లు నిండినవాళ్లను లెక్కేసింది, రెండోది 20 నిండినవాళ్లను. బీపీ దాదాపు ఉండని ఐదేళ్ల గుంపు కలిస్తే శాతం కిందికి జారుతుంది. తేడా అంతటికీ ఇదొక్కటే కారణం కాదు, కొలిచిన ఏళ్లు, ఎంపిక పద్ధతి కూడా వేరు. అయినా రెండు అంకెలు పక్కన పెట్టి "పదకొండు శాతం పెరిగింది" అనేవాళ్లు ముందు వయసు గడి చూడాలి.

జిల్లాలను పోల్చేటప్పుడూ ఇంతే. యువకులు వలసపోయిన ఊళ్లో పెద్దవాళ్ల వాటా ఎక్కువగా ఉంటుంది కాబట్టి బీపీ శాతం ఎక్కువ చూపిస్తుంది. ఒక్కొక్కరి ఆరోగ్యం పట్నంలోకంటే బాగున్నా సరే. ప్రతి చోటా వయసుల వాటా ఒకేలా ఉందనుకుని మళ్లీ లెక్కగట్టాకే పోలిక చెల్లుతుంది.

ఒక్కో మనిషికి ఒక్కో గీత

సినిమా తీయాలంటే అదే మనుషుల్ని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కొలవాలి. అలా వచ్చే అంకెలు ఎప్పుడూ చిందరవందరగానే ఉంటాయి. ఒకరికి పది కొలతలు, ఇంకొకరికి రెండే. ఒకరిని ఏటా కొలిచారు, ఇంకొకరు వలసపోయి ఆరేళ్లకు కనపడ్డారు. 1980ల నుంచి వాడుకలోకి వచ్చిన మిశ్రమ ప్రభావాల మోడళ్లు ఈ చిందరవందరతోనే పని చేయడానికి పుట్టాయి.

వాటి ఆలోచన సులువైనదే. ఊరందరికీ కలిపి ఒక సగటు గీత ఉంటుంది. ప్రతి మనిషికీ ఆ గీత నుంచి తనదైన తేడాలు రెండుంటాయి: ఎంత ఎత్తు నుంచి మొదలయ్యాడు, ఎంత వేగంగా ఎక్కుతున్నాడు. మోడల్ ఈ రెండింటినీ విడివిడిగా అంచనా కడుతుంది. పలాసలో జీడిపప్పు ఒలిచే ఒకామెకు పది కొలతలుంటే మోడల్ ఆమె అంకెలనే ఎక్కువగా నమ్ముతుంది. ఒకే ఒక్క కొలత ఉన్న మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్క అంకెను గుడ్డిగా నమ్మకుండా, ఊరి సగటు వైపు కొంత లాగి అంచనా ఇస్తుంది. అనుభవమున్న డాక్టరు ఒక్క రీడింగ్ చూసి మందు రాయకుండా "వారం తర్వాత మళ్లీ రండి" అనడంలోనూ ఇదే లెక్క ఉంది.

గీత వంపుల కోసం స్ప్లైన్ అనే పద్ధతి వాడతారు. సన్నని బద్దను అక్కడక్కడా పట్టి ఉంచి మధ్యలో దానంతట అదే వంగనిస్తే వచ్చే వంపే స్ప్లైన్. పాతరోజుల్లో ఓడల నమూనాలు గీసేవాళ్లు నిజంగానే చెక్క బద్దలతో ఈ పని చేసేవారు. ఆ పేరు అక్కడిదే.

ఈ తరహా మోడళ్లతో బ్రిటన్‌లోని ఎనిమిది అధ్యయనాలను, 30,372 మంది కొలతలను కలిపి 2011లో ఒక జీవితకాల గీత గీశారు. ఏడేళ్ల వయసు నుంచి ఎనభై దాటేదాకా సాగిన ఆ గీతలో నాలుగు దశలు తేలాయి. ఒళ్లు ఎదిగే కౌమారంలో జోరుగా ఎక్కడం, యవ్వనంలో నిదానించడం, నడివయసులో మళ్లీ ఊపందుకోవడం, ముసలితనంలో నెమ్మదించి చివరికి దిగడం. తిన్నని గీత నమ్మినవాళ్లకు కనపడకుండా పోయేది మూడో దశ. ముప్పై నుంచి నలభై లోపు ఎక్కడో మొదలయ్యే ఆ ఊపు అందరికీ ఒకేసారి రాదు. ఒకే వృత్తిలో ఉన్నవారితో కూడిన అధ్యయనంలో అది ఆలస్యంగా వచ్చింది. వేళ అటూ ఇటూ జరుగుతోందంటే, ఆ ఊపు శరీరంలో ముందే రాసిపెట్టినది కాదని అర్థం.

ఆడవాళ్ల గీత తీరు వేరు. అమెరికాలో 1971 నుంచి 2014 దాకా 32,833 మంది నుంచి తీసిన కొలతల విశ్లేషణలో, యవ్వనంలో తక్కువగా మొదలైన ఆడవాళ్ల బీపీ ఇరవైల నుంచే మగవాళ్లకంటే వేగంగా ఎక్కుతున్నట్టు బయటపడింది. మామూలుగా చెప్పే "ముట్లుడిగాక ఆడవాళ్లకు బీపీ వస్తుంది" అన్న మాట చివరి అంకాన్ని మాత్రమే చూస్తోందన్నమాట. మధ్యలో గర్భం ఒకటి. నడి నెలల్లో బీపీ కాస్త దిగి, నెలలు నిండేసరికి మళ్లీ ఎక్కుతుంది. ఐదో నెలలో నార్మల్‌గా ఉన్న అంకెను చూసి ధీమా పడకూడదనడం ఇందుకే.

చిన్నప్పటి బీపీని బట్టి పెద్దయ్యాక ఎలా ఉంటుందో చెప్పొచ్చా? యాభై అధ్యయనాలను కలిపిన 2008 విశ్లేషణలో ఆ రెంటి మధ్య సహసంబంధం (0 అంటే ఏ పొంతనా లేదు, 1 అంటే పూర్తి పొంతన) పై అంకెకు 0.38 అని తేలింది. దాన్ని వర్గం చేస్తే పద్నాలుగు శాతం దాకా వస్తుంది. పెద్దయ్యాక మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో చిన్నప్పటి అంకె చెప్పగలిగింది ఆ పాటి వాటానే. ఏమీ లేదనలేం, జాతకంలా నమ్మనూలేం.

తెలుగు నేల మీద ఈ తరహా సినిమా ఒకటి నడుస్తోంది. 1987-90లో హైదరాబాద్ దగ్గరి 29 గ్రామాల్లో గర్భిణులకు, పిల్లలకు అంగన్‌వాడీ పోషకాహారం మీద మొదలైన పరిశీలన, తర్వాత ఆ పిల్లలనూ తల్లిదండ్రులనూ వెంబడించే అధ్యయనంగా మారింది. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వయసుకు వచ్చాక చూస్తే, పోషకాహారం అందిన ఊళ్లవారి రక్తనాళాలు కొంత మెత్తగా ఉన్నాయి. బీపీ అంకెల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. గొట్టం ముందు మారుతుంది, మిషన్ మీద అంకె తర్వాత మారుతుంది.

మాత్ర వేసుకున్న అంకెను ఏం చేయాలి

మోడల్ కట్టేవాళ్లకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇది. 160 ఉన్న మనిషి రోజూ మాత్ర వేసుకుంటే మిషన్ 135 చూపిస్తుంది. ఆ 135ను అలాగే గ్రాఫ్‌లో పెడితే, వయసుతో బీపీ పెద్దగా పెరగడం లేదని తప్పుడు ఊరట దొరుకుతుంది. మాత్ర వేసుకునేవాళ్లందరినీ పక్కన పెడితే అంతకంటే పెద్ద తప్పు. ఎక్కువ బీపీ ఉన్నవాళ్లనే ఏరి తీసేసినట్టవుతుంది. కొంత మెరుగైన దారి, మందు వాడేవారి పై అంకెకు 10 గానీ 15 గానీ కలిపి లెక్కవేయడం. మొరటుగా కనపడినా, 2005లో వచ్చిన ఒక పోలికలో ఈ పద్ధతి మిగతా సులువు దారులకంటే నయమని తేలింది. మందు వాడుతున్నారా లేదా అన్న గడి నింపకపోతే మాత్రం ఏ పద్ధతీ పనికిరాదు.

దీనికి తోడు అందరినీ మోసం చేసేది ఇంకోటుంది. ఒక శిబిరంలో 140 దాటినవాళ్లను మాత్రమే ఏరి, నెల తర్వాత మళ్లీ కొలిస్తే, ఎవరూ ఏ మందూ వేసుకోకపోయినా సగటు తగ్గుతుంది. బీపీ రోజురోజుకూ, పూటపూటకూ ఊగుతుంటుంది. ఆ రోజు పైకి ఊగినవాళ్లు ఎక్కువమంది ఏరికలో పడ్డారు, తర్వాత తమ మామూలు అంకెకు దిగారు. దీన్ని సగటు వైపు జారుడు అంటారు. నెలలో బీపీ తగ్గించామని చెప్పుకునే కషాయాలు, రాగి కంకణాలు, అయస్కాంతపు చెప్పులు దీని మీదే బతుకుతున్నాయి. పోల్చడానికి ఏమీ వాడని గుంపు ఒకటి పక్కన లేకపోతే ఏది మందు పని, ఏది జారుడో తెలియదు.

కొలతలోని చిన్న చిన్న లోపాలూ గీతను వంచుతాయి. మొదటి రీడింగ్ టెన్షన్ వల్ల ఎక్కువ వస్తుంది, అందుకే కుటుంబ ఆరోగ్య సర్వేలో మూడుసార్లు కొలుస్తారు. లావు చేతికి చిన్న పట్టీ కడితే అంకె పెరుగుతుంది. చలికాలంలో బీపీ ఎక్కువగా, ఎండాకాలంలో తక్కువగా ఉంటుంది. సంక్రాంతి ముందు ఒక మండలంలో, మే నెలలో పక్క మండలంలో శిబిరం పెట్టి రెండింటినీ పోలిస్తే, పోల్చింది మండలాలను కాదు, రుతువులను.

గీత ఎక్కని చోట్లు

వయసుతో బీపీ పెరగడం ప్రకృతి నియమమైతే ఎక్కడైనా పెరగాలి. 1988లో వెలువడిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనంలో 32 దేశాల్లోని 52 చోట్ల పది వేలకు పైగా మందిని కొలిచారు. బ్రెజిల్ అడవుల్లోని యనోమామి తెగ సహా ఉప్పు వాడకం అతి తక్కువగా ఉన్న నాలుగు మారుమూల సమూహాల్లో గీత దాదాపు చదునుగా ఉంది. యనోమామిల మీద 2018లో వచ్చిన మరో పరిశీలనలో, ఏడాది పిల్లల నుంచి అరవై ఏళ్ల వారి దాకా పై అంకె పెరగనే లేదు. బయటి తిండి కొంత అలవాటైన పక్క తెగ యెక్వానాలో చిన్నతనం నుంచే పెరుగుదల కనపడింది. ఇటలీలో మఠంలో ఉండే 144 మంది సన్యాసినులను ఇరవై ఏళ్లకు పైగా చూసినప్పుడు వారి బీపీ దాదాపు అలాగే ఉంది, బయటి ఆడవాళ్లకు పెరిగింది. సన్యాసినుల ఉప్పు వాడకం బయటివారి కంటే తక్కువేమీ కాదు. కాబట్టి ఉప్పు ఒక్కటే కథ మొత్తం కాదు.

అలాగని ఉప్పును వదిలేయలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. అంటే ఒక చెంచా. చద్దన్నంలో రాళ్లుప్పు, నంజుకోడానికి ఆవకాయ, మధ్యాహ్నం ఎండు చేపల కూర ఉన్న ఇంట్లో ఆ చెంచా పొద్దుటిపూటే అయిపోవచ్చు. ఎండలో చెమటోడ్చే కూలీకీ, అదే తిండి తింటూ నీడన కూర్చునే మనిషికీ దాని ఫలితం ఒకటి కాదు. తిండి మారకుండా పని మాత్రం మారిన ఇళ్లలో, మోడళ్లు చెప్పే నడివయసు ఊపు ముందుగా మొదలవుతుందని ఊహించడంలో తప్పులేదు.

ఉద్దానం, మారిన సరిహద్దులు

వేరే దేశంలో కట్టిన మోడల్‌ను తెచ్చి శ్రీకాకుళం మీద పెడితే మొదట తడబడేది ఉద్దానంలో. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు చుట్టుపక్కల కారణం తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది. 2023లో పలాసలో కిడ్నీ రోగుల కోసం ప్రత్యేక ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. మామూలుగా కిడ్నీ చెడితే ఉప్పు, నీరు ఒంట్లో నిలిచి బీపీ ఎక్కుతుంది, ఎక్కిన బీపీ కిడ్నీని ఇంకా చెడగొడుతుంది. చాలా మోడళ్లు ఈ జతను నమ్ముకునే ఉంటాయి. కారణం తేలని ఈ రకం జబ్బులో మొదటి దశల్లో బీపీ పెద్దగా ఎక్కకపోవడం మామూలే. అందువల్ల బీపీ ఎక్కువున్నవాళ్లకే క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) అనే వడపోత వేరే చోట పనిచేసినా ఇక్కడ కొందరిని జారవిడుస్తుంది. కొబ్బరి తోటల్లో పనిచేసే మనిషికి 126 మీద 80 ఉందంటే ఆ అంకె గుండె గురించి చెప్పినంత నమ్మకంగా కిడ్నీ గురించి చెప్పదు.

ఇంకో చిక్కు పటం మీద ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు సీతంపేట, పాలకొండ, వీరఘట్టం, భామిని మండలాలు శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస విజయనగరంలో కలిశాయి. పార్వతీపురం, సాలూరు, కురుపాం వైపు కొండ మండలాలు విజయనగరం నుంచి పోయాయి. 2019-21 సర్వేలో శ్రీకాకుళం అంటే పాత శ్రీకాకుళం. ఇకపై వచ్చే లెక్కల్లో అది కొత్త శ్రీకాకుళం. గిరిజన మండలాల్లో వయసుల వాటా, తిండి, పని మైదానం లాంటివి కావు. అవి లెక్కలోంచి పోతే, ఒక్కరి బీపీ కూడా మారకుండానే జిల్లా సగటు మారుతుంది. జిల్లా పేరు చూసి కాకుండా మండలాల జాబితా చూసి పోల్చాలి. ఈ చిన్న జాగ్రత్త లేకపోతే "ఐదేళ్లలో శ్రీకాకుళంలో బీపీ పెరిగింది" అనో "తగ్గింది" అనో ఒక శీర్షిక తప్పకుండా వస్తుంది.

చేతిలో ఉన్న సమాచారం

ముప్పై నిండినవాళ్లకు ఊళ్లోనే బీపీ, షుగర్ చూడటం ఇప్పుడు దేశమంతటా కార్యక్రమంగా నడుస్తోంది. ఏఎన్ఎంలు, ఆశాలు అదే ఇళ్లకు మళ్లీ మళ్లీ వెళ్తారు. అంటే సినిమాకు కావాల్సిన రీళ్లు ఊరూరా పోగవుతున్నట్టే. అయితే ఆ అంకెల నుంచి ఎక్కువగా బయటికి వచ్చేది "ఇంతమందికి బీపీ ఉంది" అన్న శాతమే. కొలిచిన నెల, మందు వాడకం, అది మొదటి రీడింగా రెండోదా అన్న వివరాలు ప్రతి అంకె పక్కనా ఉంటే, అదే రిజిస్టరు నుంచి ఒక్కో మనిషి గీత గీయొచ్చు.

దాని వల్ల వచ్చే తేడా ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. ఒకే వీధిలో 42 ఏళ్ల వాళ్లు ఇద్దరున్నారనుకుందాం, ఇద్దరూ ఏ మందూ వాడటం లేదు. ఈ ఏడు ఇద్దరికీ పై అంకె 138. మొదటివారికి రెండేళ్లకోసారి తీసిన పాత అంకెలు 136, 140, 137. రెండోవారివి 112, 121, 129. మిశ్రమ మోడల్ మొదటివారికి వచ్చే రెండేళ్లలో 138 చుట్టూనే చెబుతుంది. రెండోవారి ఎక్కుడును ఊరి సగటు వైపు కొంత లాగినా, 140 దాటిన అంకెనే చూపిస్తుంది. ఈ ఏటి జాబితాలో మాత్రం ఇద్దరూ 140 లోపే ఉన్నారు కాబట్టి "నార్మల్" గడిలోనే పడతారు. అరుగు మీది పెద్దవాళ్ల లెక్కలోనూ అంతే. వందకు నలభై రెండు కలిపితే నూట నలభై రెండు.